నిద్రలో పళ్ళు నూరేవారికి కణత మీద ఒక సెన్సరు

రెండు వేళ్ళు కణత మీద ఆనించి, ఒకసారి పళ్ళు గట్టిగా బిగించండి. చర్మం కింద ఒక కండరం ఉబ్బింది కదా? నిద్రలో పళ్ళు నూరేవారికి ఈ కండరమే తమకు తెలియకుండా పనిచేస్తూ పోతుంది. మన బోధన్ వైపు చెరకు గడను పళ్ళతోనే చీల్చి తింటాం. అంత బలంతో రాత్రి పదేపదే పళ్ళు ఒరుసుకుంటే వాటి పైపొర అరుగుతుంది. పొద్దున లేచేసరికి దవడ పట్టేస్తుంది, కణతలు నొస్తాయి.

బయోఫీడ్‌బ్యాక్ అనే పరికరం ఆ కండరాన్నే కనిపెట్టి ఉంటుంది. పడుకునే ముందు సెన్సరును కణతకు అతికిస్తారు. కండరం బిగిసినప్పుడు పుట్టే అతి సన్నని విద్యుత్తును అది పసిగట్టి, నిద్ర చెడనంత మెల్లగా ఒక చిన్న కరెంటు తాకిడి ఇస్తుంది. దవడ వదులవుతుంది.

అయితే ఉన్నమాట చెప్పాలి. పెట్టుకున్న రాత్రుల్లో బిగింపులు తగ్గినట్టు పరిశోధనల్లో కనిపించింది గానీ, తీసేశాక మళ్ళీ మొదలు కావచ్చు. నొప్పి తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. అందుకే ఆన్‌లైన్‌లో వేలు పోసి కొనకముందే పళ్ళ డాక్టరుకు చూపించండి. నిజామాబాద్ పక్కనే మల్లారంలో దంత వైద్య కళాశాల ఉంది. పంటి అచ్చు తీసి చేసే నైట్‌గార్డు పళ్ళను అరుగుదల నుంచి కాపాడుతుంది. గురక ఎక్కువగా ఉన్నా, మనోవ్యాధులకు మందులు వాడుతున్నా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. పిల్లలు పళ్ళు నూరితే నులిపురుగులని ఇళ్ళలో అంటుంటారు. కానీ చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ ఆ అలవాటు దానంతటదే పోతుంది. పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం ఈ కరెంటు పరికరాన్ని గుండె డాక్టరును అడగకుండా పెట్టుకోకూడదు.