మంచినీళ్లు యాదికున్నయి, ప్రశ్న ఏమైంది?



2007 అక్టోబర్‌లో నరేంద్ర మోడీ గుజరాత్ ముఖ్యమంత్రి. సీఎన్ఎన్-ఐబీఎన్ చానల్ కోసం కరణ్ థాపర్ ఆయనను ఇంటర్వ్యూ చేసిన్రు. నాలుగైదు నిమిషాలు గడిచినయో లేదో, మోడీ మంచినీళ్లడిగి, మైకు తీసేసి, మన దోస్తీ ఇట్లనే ఉండాలె అని ముగించిన్రు. ఈ దృశ్యం మనలో చాలామందికి యాదికున్నది. మరి ఆయనను అడిగిందేమిటి?

2002 మారణకాండలో చనిపోయినవాళ్ల గురించి విచారపడుతున్ననని ఒక్క మాట ఎందుకనరు అని. 2004లో బెస్ట్ బేకరీ కేసు తీర్పులో సుప్రీంకోర్టు అప్పటి పాలకులను నేటికాలపు నీరోలన్నది. ఆ మాటనూ థాపర్ గుర్తుచేసిన్రు.

మరునాడు చానల్ ఆ ముక్కను పదేపదే చూపెట్టిందని థాపరే 2018లో వచ్చిన తన పుస్తకంలో రాసిన్రు. చూపినకొద్దీ గ్లాసు పెద్దగయింది, ప్రశ్న చిన్నగయింది. కొందరు నాయకుని పిరికితనమన్నరు, కొందరు యాంకర్ దురుసుతనమన్నరు. చచ్చిపోయినవాళ్ల ముచ్చట రెండింట్లోనూ లేదు. మనం కూడా నవ్వి ఊరుకున్నం.

ఇది ఒక్క పార్టీ రోగం కాదు. 2014 జనవరిలో రాహుల్ గాంధీ టైమ్స్ నౌలో అర్ణబ్ గోస్వామి ముందు గంటకు పైగా కూర్చున్నరు. 1984 సిక్కుల ఊచకోతకు క్షమాపణ చెప్తరా అంటే సూటిగా చెప్పలేదు. అది తప్పే. దాని మీద కొంత చర్చ జరిగిన మాటా నిజమే. కానీ జనంలోకి పోయింది మాత్రం ఆయన తడబాటు మీద జోకులు. లేచిపోయినాయన ప్రధాని అయిన్రు, కూర్చున్నాయన నవ్వులపాలయిన్రు. దీన్నుంచి నాయకులు ఏం నేర్చుకుంటరు?

2019 ఏప్రిల్ 24. ఒకపక్క పోలింగ్ విడతలు నడుస్తున్నయి. నటుడు అక్షయ్ కుమార్ ప్రధానిని రాజకీయాలు లేని ఇంటర్వ్యూ చేసి, మామిడిపండ్లు తింటరా అని అడిగిన్రు. చానళ్లు కండ్లకద్దుకున్నయి. (ప్రధాని ఇంటర్వ్యూలు ఇయ్యలేదని కాదు, చాలానే ఇచ్చిన్రు. ఎవరికి, ఏమడిగినోళ్లకు అన్నదే ముచ్చట.) మే 17న ఢిల్లీ బీజేపీ ఆఫీసులో విలేకర్ల ముందు మాట్లాడిన్రు గానీ, ప్రశ్న వచ్చేసరికి తాను క్రమశిక్షణ గల సైనికుడినని అమిత్ షాకు వదిలేసిన్రు. ప్రధాని తొలి ప్రెస్‌మీట్ అని మోత మోగింది. కలకత్తా టెలిగ్రాఫ్ మాత్రం మరునాడు మొదటి పేజీలో కొంత జాగ ఖాళీగా వదిలింది, జవాబిచ్చిననాడు నింపుతమన్నట్టు.

మరి మన దగ్గర? విలేకరి మైకు ముందుకు పెడితే 'ఏ పేపర్ నీది?' అని గద్దించే నాయకులను జిల్లాల్లో మనం చూడలేదా? వెనుక నిలబడి చప్పట్లు కొట్టలేదా? మరునాడు 'విలేకరిపై నేత ఆగ్రహం' అని వార్త. ఆ పిలగాడు అడిగింది ఫీజు బకాయిల గురించా, తెగిన చెరువు గురించా, వార్త చివరిదాకా చదివినా దొరకదు.