రెసిడెన్సీ తర్వాత ఫార్మసిస్టుకు ఏ ఉద్యోగాలు?

ఫార్మసిస్టు అనగానే మందుల షాపు కౌంటరే గుర్తొస్తుంది. కానీ అమెరికాలో ఆసుపత్రి వార్డుల్లో డాక్టర్ల పక్కనే నిలబడి మందుల మోతాదు సరిచూసే ఫార్మసిస్టులున్నారు. ఆ స్థానానికి దారి రెసిడెన్సీ, అంటే చదువు తర్వాత ఆసుపత్రిలో పొందే శిక్షణ.

ఫార్మ్‌ డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) పట్టా తర్వాత మొదటి ఏడాది వివిధ విభాగాల్లో శిక్షణ. రెండో ఏడాది క్యాన్సర్, అంటువ్యాధులు, ఐసీయూ, పిల్లల వైద్యం వంటి ఒక్క రంగంలోనే. కిడ్నీలు దెబ్బతిన్న రోగికి వ్యాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎంత ఇవ్వాలి, కీమో మందు ఎప్పుడు తగ్గించాలి అన్నవి అక్కడ రోజువారీ నిర్ణయాలు. శిక్షణలో ఇచ్చే స్టైపెండ్ మామూలు ఫార్మసిస్టు జీతంలో సగమైనా ఉండదు. ఇది చిన్న త్యాగం కాదు. అయినా పెద్ద ఆసుపత్రులు స్పెషలిస్టు పోస్టులకు ఈ శిక్షణ పొందినవారినే ముందు చూస్తాయి. ఫార్మసీ కాలేజీల్లో బోధన, మందుల కంపెనీల్లో వైద్య విభాగాల కొలువులూ దొరుకుతాయి. షాపు ఉద్యోగానికి మాత్రం రెసిడెన్సీ అక్కర్లేదు.

ఇక్కడి నుంచి వెళ్లాలనుకునేవారి సంగతికొస్తే, మన దేశంలో ఆరేళ్ల ఫార్మ్‌ డి 2008లో మొదలైంది. అమెరికా లైసెన్సు పరీక్షల అర్హతకు కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు కావాలి కాబట్టి, ఇప్పటి నాలుగేళ్ల బి.ఫార్మసీ ఒక్కటే సరిపోదు. పైగా విదేశీయులకు వీసా ఇప్పించని రెసిడెన్సీలు చాలానే ఉన్నాయి. అప్పు చేసి విమానం ఎక్కేముందు, మీరు కోరుకున్న ఆసుపత్రి వీసా నిబంధన ఏమిటో తప్పకుండా కనుక్కోండి.