పెట్ట రెక్కల కింద ఎన్ని గుడ్లు?

(యౌవనుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

జీవనోపాధి గురించి మాట్లాడమన్నారు. మాకు తెలిసింది కోళ్ల పెంపకం. అందులోనూ మేము చేసిన తప్పే మాకు బాగా తెలుసు. అదే చెబుతాం.

మాది పర్లాకిమిడి. తాతల నాటి నుంచి అక్కడే ఉంటున్నాం. పెరట్లో ఎప్పుడూ 6, 7 కోళ్లు తిరిగేవి. వాటికి ఖర్చు లేదు. పారేసిన మెతుకులు, చెదలు, గడ్డిగింజలు ఏరుకు తినేవి. సాయంత్రం గుప్పెడు నూకలు జల్లితే గంప దగ్గరికి వచ్చేసేవి. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టదు. అయినా మా పిల్లలు తినగా, బాలింతరాలు ఉన్న ఇంటికో, జ్వరపడి లేచినవాళ్లకో రెండు గుడ్లు వెళ్లేవి.

ఒక ఏడు రెండు పెట్టలు ఒకేసారి పొదిగి, పిల్లలన్నీ దక్కాయి. క్రిస్మస్ ముందు ఐదు పుంజులు అమ్మాం. చేతిలో డబ్బు పడింది. ఇన్నిటికే ఇంత వస్తే ఇంకో 20 ఉంటే ఎంత వస్తుంది అని ఆ రాత్రే లెక్క వేశాం. వనరాజా, గ్రామప్రియ పిల్లల్ని తెచ్చాం. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలవి. వాటిలో తప్పేమీ లేదు. గ్రామప్రియ నాటు పెట్ట కంటే రెండింతలకు పైగా గుడ్లు పెడుతుంది. కాని ఈ రకాలు పొదగడానికి దాదాపు కూర్చోవు. విడత విడతకీ పిల్లల్ని బయట కొనాల్సిందే. అది మాకు ఆలస్యంగా తెలిసొచ్చింది.

40 అయ్యాయి, 60 అయ్యాయి, 90 దగ్గర ఆగాయి. అదీ గూడు చాలక. ఆరు కోళ్లను పెరడే మేపేది. తొంభైని మేము మేపాలి. కోడికి రోజుకు 100 గ్రాములు వేసుకున్నా తొమ్మిది కిలోల దాణా. నేలంతా గీకి గడ్డి పరక లేకుండా చేశాయి. రెట్ట వాసనకు పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు, మొహమాటపడి మమ్మల్ని ఏమీ అనలేదు. గుడ్లు పంచడం మానేశాం. దాణా బాకీ తీరాక ఇద్దాంలే అనుకునేవాళ్లం. ఆరు ఉన్నప్పుడు ఇవ్వగలిగినవాళ్లం తొంభై ఉన్నప్పుడు ఇవ్వలేకపోయాం.

లూకా 12వ అధ్యాయంలో కొట్లు విప్పి పెద్దవి కట్టిస్తానన్న ధనవంతుడి ఉపమానం మనందరికీ కంఠతా వచ్చు. ఈసారి చదివేటప్పుడు ఒకటి గమనించండి. అతను మాట్లాడేదంతా తనతో తనే. ఆ ఆలోచనలో పనివాడు లేడు, పొరుగువాడు లేడు. మా రాత్రి లెక్కలు కూడా అలాగే సాగాయి.

ఎండలు ముదిరేసరికి కొక్కెర తెగులు వచ్చింది. ఆకుపచ్చ రెట్ట, గురక, మెడ వంకర. మొదటి రోజు నాలుగు, మూడో రోజుకు ఇరవై పోయాయి. అప్పుడు మేము ఏం చేశామో ఈ మైకు ముందు చెప్పడం కష్టంగానే ఉంది. చూడడానికి బాగున్నవాటిని గంపల్లో వేసుకుని సంతకు పట్టుకెళ్లి అయినకాడికి అమ్మేశాం. పైకి బాగున్న కోడిలోనూ తెగులు ఉంటుందని మాకు తెలుసు. కొన్నవాళ్లలో కొండ దిగి వచ్చిన సవర అక్కలు ఉన్నారు. పెంచుకోడానికి కొన్నారు. తర్వాత వాళ్ల ఊళ్లో ఏం జరిగిందో అడగడానికి మేము వెళ్లలేదు.

మా వెనక వీధి మామ్మ ఇంట్లో ఏం జరిగిందో మాత్రం చూశాం. ఆమెకు నాలుగు పెట్టలు. బీపీ మాత్రలకు ఆ గుడ్ల డబ్బే. వారంలో నాలుగూ పోయాయి. మా కాళ్లకు అంటుకున్న రెట్టతో వెళ్లిందో, దాణా సంచితో వెళ్లిందో. "మీవి కూడా పోయాయి కదమ్మా" అని ఆమే మమ్మల్ని ఓదార్చింది.

మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లు మీ పెద్దల్ని అడగండి. 2006 ఫిబ్రవరిలో నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు, పెద్ద ఫారాల కోళ్లతో పాటు చుట్టుపక్కల పెరటి కోళ్లనూ చంపేశారు.

టీకా వేయించలేదా అని అడుగుతారు. పిల్లలుగా ఉన్నప్పుడు లసోటా చుక్కలు వేశాం. ఎనిమిది వారాలకు వేయాల్సిన ఆర్‌2బి సూది దగ్గర అశ్రద్ధ చేశాం. మామ్మది అశ్రద్ధ కాదు, ఆమెకు దారే లేదు. మేము చూసిన చిన్న సీసాయే 100 కోళ్లకు. చల్లగా ఉంచి తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. నాలుగు కోళ్ల మనిషి దాన్ని ఎలా కొంటుంది?

మా లెక్క అక్కడ తలకిందులైంది. ఒక పెరట్లో 90 కోళ్లున్నా, 15 పెరళ్లలో ఆరేసి ఉన్నా సీసా ఒకటే. దాణా ఖర్చు మాత్రం మొదటిదానికే. ఇప్పుడు స్త్రీల సమాజం వాళ్లు సీసా తెప్పిస్తే, వీధిలో అందరి కోళ్లకూ ఒకే రోజు, తెల్లారి గంపలు ఎత్తకముందే వేస్తున్నాం. సంఘం వాళ్ల ఇళ్లకే వేద్దామని మొదట ఒకరన్నారు. "పక్కింటి ఒడియావాళ్ల పుంజు మన గోడ దూకి రాదా?" అని ఒక అక్క అడిగింది. ఆ మాట అక్కడితో ఆగింది.

మాకు ఇప్పుడు ఎనిమిది కోళ్లున్నాయి. ఆశ చచ్చిందని అబద్ధం చెప్పం. మొన్న పెట్ట పొదుగుడుకొస్తే 16 గుడ్లు పెట్టబోయాం. మామ్మ వచ్చి ఆరు తీసేసింది. రెక్కల కింద పట్టని గుడ్లు చల్లబడతాయి. పెట్ట రోజూ గుడ్లను అటూ ఇటూ దొర్లిస్తుంది కాబట్టి ఇవాళ అంచున ఉన్నది రేపు లోపలికి పోతుంది, లోపలిది అంచుకు వస్తుంది. అలా వంతులవారీగా అన్నీ పాడవుతాయి. ప్రభువు తనను ఈ పక్షితోనే పోల్చుకున్నాడు. మిగిలిన ఆరు గుడ్లు మామ్మే తీసుకెళ్లింది. ఆమె ఇంట్లోనూ ఒక పెట్ట కూర్చుంది.

21 రోజులకు రెండు చోట్లా పిల్లలు దిగుతాయి. వాటికి వారం రాగానే చుక్కలు వేయాలి. పర్లాకిమిడి నుంచి వచ్చిన యౌవనుల్లో సైకిలు ఉన్నవాళ్లు ఇద్దరు, ఐసు వేసిన ఫ్లాస్కు పట్టుకెళ్లి మందు తేగలిగినవాళ్లు, భోజనాల వేళ మాకు పేర్లు ఇవ్వండి.