తరగతిలోకి వచ్చిన తల్లి



మా ఏ. పళ్లిపట్టి బడిలో పాఠం తమిళం. కొందరి ఇంట మాట తెలుగు. “మాకు ఈ అక్షరాలు రావు” అంటూ ఒక తల్లి గుమ్మం వద్దే ఆగిపోయేది. భిన్నాల పాఠానికి పడి, కాలుపడి తెమ్మని ఆమెను కోరాను. కాలుపడితో నాలుగు మార్లు రాగులు కొలిచి ఆమె పడి నింపింది. బల్లమీద గీసినప్పుడు బోధపడని పావు వంతు పిల్లలకు అప్పుడు బోధపడింది. తల వంచుకొని కూర్చునే ఆమె కుమారుడు ఆనాడు ముందుగా జవాబు చెప్పాడు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల నిర్వహణ సంఘంలో కనీసం ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి. సభ్యులలో సగం మంది స్త్రీలు. పరాయి నగరంలో ఉన్నామని ఆ స్థానాన్ని వదలకండి. మీకు తెలిసిన పనితోనే బడికి రండి.