హారను బిగించు బోల్టు

కారుకు హారను మార్చవలసి వచ్చినప్పుడు మనము నాలుగు దుకాణములు తిరుగుదుము. మ్రోగించి విందుము, ధర బేరమాడుదుము. దానిని బండికి పట్టియుంచు బోల్టు, నట్టు, వాషరుల సంగతి మాత్రము ఎవరును అడుగరు. మెకానిక్కు వద్దనుండు కుర్రవాడు పాత డబ్బాలో చేయి పెట్టి, అందినదానిని తీసి బిగించును. నేనును అట్లే బిగింపించుకొని, ఒకనాటి సాయంకాలము దోర్నాల నుండి శ్రీశైలమునకు పోవు ఘాటు దారిలో దాని ఫలితము ననుభవించితిని.

అప్పుడే వాన వెలిసినది. మలుపు తిరుగబోవుచు హారను నొక్కితిని, చప్పుడు లేదు. ఎదుట నుండి బస్సు వచ్చుచున్నది. ఆ డ్రైవరు తన హారను మ్రోగించుటచేతనే నేను అంచునకు తొలగి నిలువగలిగితిని. దిగి చూడగా హారను క్రొత్తది, తీగ ఊడలేదు, ఫ్యూజు పోలేదు. లోపము బోల్టు క్రింద నున్నది.

అదెట్లనగా, కొన్ని హారనులకు తీగ ఒక్కటే యుండును. బ్యాటరీ నుండి వచ్చిన కరెంటు హారను గుండా పోయి, బ్రాకెట్టును పట్టియున్న బోల్టు మీదుగా బండి ఇనుప దేహములోనికి దిగి, తిరిగి బ్యాటరీని చేరును. అనగా ఆ బోల్టు హారనును మోయుటయే గాక రెండవ తీగ పనియు చేయుచున్నది. నా కారులో రంగు పూసిన రేకు మీదనే నున్నని వాషరు వేసి బిగించినారు. మరచుట్ల సందున కరెంటు ఎట్లో కొన్నినాళ్లు నడిచినది. తడి తగిలి తుప్పు పుట్టగనే ఆగినది. ఇట్టిచోట గరుకు కాగితముతో రంగును గీకి, లోహము మెరయునట్లు చేసి, పండ్లు గల స్టార్ వాషరు వేయవలెను. ఆ పండ్లు రేకును కరచి పట్టును. బిగించిన పిమ్మట పైన కొంచెము గ్రీజు పూసినచో నీరు చేరదు. రెండు తీగల హారనులకు ఈ బాధ లేదు.

ఇక బోల్టు కొలత. నేటి కార్లలో ఇది తరచు 8 మిల్లీమీటర్లది, కొన్నింట 6. సాధారణపు 8 మిల్లీమీటర్ల బోల్టునకు చుట్టుకు చుట్టుకు నడుమ ఎడము 1.25 మిల్లీమీటర్లు, అంగుళమునకు ఇంచుమించు 20 చుట్లు. అంబాసిడరు తయారీ 2014లో ఆగినను, దానిని ముద్దుగా చూచుకొనువారు ఇంకను కలరు. దాని మూలము ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డు గనుక పాత బండ్లలో అంగుళపు మరలే హెచ్చు. 5/16 అంగుళపు బోల్టు లావు 7.94 మిల్లీమీటర్లు. కంటికి రెండును ఒకటే! కాని అంగుళపు సన్నమరలో అంగుళమునకు 24 చుట్లు; అంతకు పూర్వపు బ్రిటిష్ సన్నమరలో 22. ఒకదానిలో మరొకటి ఒకటి రెండు చుట్లు సుఖముగా ఎక్కి, తరువాత బిగిసికొనును. అప్పుడు స్పానరు తీసి బలము చూపితిమా, రెంటి మరలును చెడును. కావున మొదట వ్రేళ్లతోనే త్రిప్పుడు. నాలుగైదు చుట్లు వ్రేళ్లకు లొంగనిది మన బోల్టు కాదు.

పొడవును చూడవలెను. హారను చాల బండ్లలో రేడియేటరు ముందు ఇరుకున నుండును. పొడవైన బోల్టు కొన అదరి అదరి రేడియేటరు రేకులను తొలుచును. నట్టు దాటి రెండు మూడు చుట్లు కనబడిన చాలును.

హారను బరువు స్వల్పము; దానికి మహాబలము గల బోల్టు అక్కరలేదు. అక్కడ శత్రువు అదురు. హారనులోని పల్చని బిళ్ల సెకనుకు నాలుగైదు వందల మారులు కొట్టుకొనును, పైగా రోడ్డు కుదుపులు. కావున ఉత్త నట్టు నిలువదు. స్ప్రింగు వాషరైనను, లోపల నైలాను వలయము గల నైలాక్ నట్టైనను ఉండవలెను. నైలాక్ నట్టును ఊడదీసి మరల మరల వాడినచో పట్టు తగ్గును. క్రొత్తది కొనుడు, జింకు పూత గలదైన తుప్పునకు కొంత ఓర్చును.

హారనుతో వచ్చు స్ప్రింగు ఉక్కు పట్టీని కొందరు పల్చనగా నున్నదని పారవేసి, దళసరి ఇనుప పట్టీ వేయుదురు. ఇది నాకు మిక్కిలి కష్టము కలిగించు పని. ఆ పట్టీ కొంచెము ఊగుటకే ఉన్నది. ఊగనీయక కట్టిన హారను గొంతు పట్టినట్లు పలుకును. వీపుననుండు చిన్న సర్దుబాటు స్క్రూను బిగింపు స్క్రూ అనుకొని త్రిప్పినను గొంతు మారును.

పని మొదలిడుటకు ముందు బ్యాటరీ రుణధ్రువపు తీగను విప్పుడు. బిగించునపుడు హారనును ఒక చేత పట్టుకొననిచో నట్టుతో పాటు అదియు తిరిగి, నోరు ఆకాశమును చూచును, తొలివానకే నిండును. నోరు క్రిందికి వంగియుండవలెను, చుట్టునున్న దేనినీ తగులరాదు. వారము దినములు బండి నడిపిన పిమ్మట స్పానరుతో మరొకమారు నట్టును తాకి చూడుడు.