పిల్లల చేతికి మూడు రంగులు

(స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు తెనాలిలో తల్లులు, ఉర్దూ పాఠశాలల ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా ఉపకార వేతనాలు, రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు చర్చకు వస్తాయి. ఈసారి కాగితం, జిగురు, దూది గురించి మాట్లాడదలచాము. హక్కుల వేదికపై ఇదేమి విషయమని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. చిన్న వయస్సులోనే 'ఈ దేశం నాది' అన్న భావం పిల్లల మనస్సులో నాటుకుంటుంది. లేదా 'ఈ దేశంలో నేను అతిథిని' అన్న భావం నాటుకుంటుంది. రెండవది ఒకసారి నాటుకుంటే, తరువాత మనం ఎన్ని చట్టాలు వల్లించినా దానిని పెకలించడం కష్టం. కనుక ఇది హక్కుల విషయమే.

ఆగస్టు 15, జనవరి 26 వస్తున్నాయంటే మన ఇళ్ళలో రెండు అలవాట్లు కనిపిస్తున్నాయి. వాటి గురించి ముందుగా చెప్పుకుందాము.

మొదటిది, పండుగనాడు పిల్లవాడికి తెల్లటోపీ పెట్టి, చేతికి జెండా ఇచ్చి, ఫొటో తీసి తెలిసినవారందరికీ పంపడం. సంతోషంతో తీసిన ఫొటోకు ఎవరూ అభ్యంతరం చెప్పరు. కానీ 'చూడండి, మేమూ దేశభక్తులమే' అని చెప్పడానికి తీసిన ఫొటో వేరు. మేము గుమాస్తా ఉద్యోగం చేసినవాళ్ళము. సంజాయిషీ అనే మాట బరువు మాకు తెలుసు. తప్పు చేశాడని అనుమానం ఉన్న ఉద్యోగిని అడిగేది సంజాయిషీ. ఏ తప్పూ చేయని నాలుగేళ్ళ పిల్లవాడి చేత దానిని ఇప్పించడం న్యాయం కాదు. ఎవరు అడిగారని ఇస్తున్నాము?

అడిగేవారు ఉంటారు, కాదనము. మేము పనిచేసిన ఒక కార్యాలయంలో జాతీయ పండుగలనాడు జెండాను మడతపెట్టి, లోపల పూలరేకులు ఉంచి, తాడుకు ముడివేసే పని ఏళ్ళ తరబడి మాకే ఉండేది. ఒక ఏడాది ఒక పెద్దమనిషి నవ్వుతూ, 'మీవాళ్ళు జెండాకు వందనం చేస్తారా?' అని అడిగారు. 'ఇప్పుడు మీరు లాగబోయే తాడుకు ముడివేసింది మేమేనండీ' అన్నాము. అంతకు మించిన జవాబు అవసరం లేదు. పని తెలిసినవాడు నిబ్బరంగా జవాబు చెప్పగలడు. మన పిల్లలకు ఇవ్వవలసినది ఆ నిబ్బరమే.

రెండవ అలవాటు, 'పచ్చరంగు మనది, కాషాయం వారిది' అని పిల్లలకు చెప్పడం. ఇది చరిత్ర తెలియక అనే మాట. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో, మనకు రైలులో కొద్దిసేపటి ప్రయాణమైన బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైనప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా చూపారు. వెంకయ్య గారిది కృష్ణానదికి ఆవలి ఒడ్డునున్న జిల్లాలోని భట్లపెనుమర్రు. ఆ రోజులలో రంగులను మతాలకు గుర్తులుగా చెప్పుకున్న మాట నిజం. కానీ ఆ వివరణ చీలికకు దారితీస్తుందని గ్రహించి, 1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల జెండాను ఆమోదించినప్పుడు రంగులకు మతపరమైన అర్థం లేదని స్పష్టంగా ప్రకటించింది. కాషాయం ధైర్యానికి, తెలుపు సత్యానికీ శాంతికీ, ఆకుపచ్చ విశ్వాసానికి గుర్తులన్నది. రాట్నం స్థానంలో ధర్మచక్రాన్ని నిలిపి, 1947 జులై 22న రాజ్యాంగ సభ నేటి జెండాను స్వీకరించింది. కాబట్టి మన పాప మూడు రంగులనూ తన చేతితోనే అద్దాలి. ఏ ఒక్క రంగూ ఇంకొకరిదని నేర్చుకోకూడదు.

ఇక చేతిపనులకు వద్దాము. పాత నోటుపుస్తకాల అట్టలు, గాలిపటాల రంగు కాగితాలు, మైదాపిండి ఉడికించిన జిగురు, కొబ్బరి ఈనెలు, కొద్దిగా దూది ఉంటే చాలు. అయిదేళ్ళలోపు పిల్లలకు కత్తెర ఇవ్వవద్దు. వారు కాగితాన్ని చింపి అతికిస్తారు, అదే వారికి ఇష్టం కూడా.

కొలతతో జెండా

జాతీయ జెండా పొడవు, వెడల్పులు మూడుకు రెండు పాళ్ళలో ఉండాలి. ఇంట్లో చేసేదానికి తొమ్మిది అంగుళాల పొడవు, ఆరంగుళాల వెడల్పు సరిపోతుంది. తెల్లకాగితం ఆ కొలతకు కత్తిరించి, రెండేసి అంగుళాల చొప్పున మూడు పట్టీలు గీయండి. పైన కాషాయం, కింద ఆకుపచ్చ కాగితాలను పిల్లలు అతికిస్తారు. నడుమ తెలుపు అలాగే ఉంటుంది. తెలుపు పట్టీ మధ్యలో ఒకటిన్నర అంగుళం అడ్డుకొలత గల మూతపెట్టి ముదురు నీలంతో వలయం గీయించండి. ఎడమ అంచుకు కొబ్బరి ఈనె అంటించండి. జెండాపై పిల్లల పేర్లు గానీ, మరే అక్షరాలు గానీ రాయించవద్దు. 2002 జనవరి 26 నుంచి అమలులో ఉన్న జెండా నియమావళి అందుకు ఒప్పుకోదు.

అదే నియమావళి జెండాలను తోరణాలుగా, అలంకరణగా వాడరాదని కూడా చెబుతున్నది. తరగతి గది అలంకరించాలనుకుంటే రంగు కాగితపు పట్టీలను ఒక్కొక్కటిగా ఉంగరాలు చేసి గొలుసు కట్టండి. జెండాను మాత్రం జెండాగానే ఉంచండి.

ఇరవైనాలుగు రేకుల చక్రం

చిన్న జెండాలో ఇరవైనాలుగు ఆకులూ గీయడం పిల్లలకు సాధ్యం కాదు. అందుకని పెద్ద చక్రం విడిగా చేయించండి. పళ్ళెం పెట్టి కాగితంపై వలయం గీసి కత్తిరించండి. దానిని సగానికి మడవండి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. ఇప్పుడు అది ఎనిమిదో వంతు ముక్క. దానిని మూడు సమాన భాగాలుగా మడిచి విప్పితే ఇరవైనాలుగు మడత గీతలు కనిపిస్తాయి. వాటిపై నీలం రంగు పూయిస్తే చక్రం సిద్ధం. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఇందులో గణితమూ ఉంది. ఇరవైనాలుగును ఎన్ని విధాలుగా పంచవచ్చో అడగండి.

పిల్లలు రంగు పూస్తుండగా ఒక విషయం చెప్పండి. నేటి జెండాలోని చక్రాన్ని తీర్చిదిద్దడంలో తన తల్లి సురయ్యా తయ్యబ్జీ చేయి ఉన్నదని, తొలి నమూనాను ఆమే దగ్గరుండి కుట్టించారని ఆమె కుమార్తె లైలా తయ్యబ్జీ రాశారు. లైలా గారు మన దేశపు చేతివృత్తుల వారి కోసం జీవితమంతా కృషి చేసిన విదుషి. 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభకు భారత మహిళల తరఫున జెండాను సమర్పించినది హంసా మెహతా. ఈ రెండు పేర్లూ మన ఆడపిల్లలకు కలిపి చెప్పండి.

దూది చెప్పే కథ

ఇది మా మనస్సుకు దగ్గరైన పని. అట్టపై జెండా ఆకారం గీసి, మధ్య పట్టీలో తెల్లని దూదిని పలుచగా విడదీసి అతికించాలి. పై పట్టీలోనూ కింది పట్టీలోనూ రంగు నీటిలో ముంచి ఆరబెట్టిన దూది. మూడేళ్ళ పిల్లలు కూడా చేయగలరు. దూదిని వేళ్ళతో విడదీయడమే వారికి ఆట.

ఆ ఆట మన తాతముత్తాతల వృత్తి. మన గుంటూరు, బాపట్ల ప్రాంతాలలో నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల వారు తరతరాలుగా వింటితో దూది ఏకి పరుపులు, బొంతలు కుట్టి బతికారు. విత్తు తీసిన పత్తి ఏకితేనే ఏకు అవుతుంది, ఏకు వడికితేనే నూలు, నూలు నేస్తేనే ఖద్దరు. స్వాతంత్ర్యోద్యమ కాలపు జెండా ఆ ఖద్దరుపైనే ఎగిరింది. దూదేకులవాడని పిల్లలను బడిలో ఎవరైనా ఎగతాళి చేస్తే వారు తలదించుకోనవసరం లేదు. జెండా గుడ్డ ఎక్కడ మొదలవుతుందో తెలిసిన పిల్లలు తలెత్తుకునే ఉంటారు. ఇంట్లో దూది ఏకిన దాదీగానీ నానీగానీ ఉంటే ఆ రోజు వారిని కూర్చోబెట్టి చెప్పించండి. వారికి మించిన ఉపాధ్యాయులు మనకు దొరకరు.

ఏడు స్తంభాలు

మన తెనాలి పిల్లలకు రణరంగ చౌక్ రోజూ దాటే దారి. ఆ స్తంభాలు ఎందుకు నిలిచాయో ఎందరికి తెలుసు? 1942 ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం జరిగింది. మరునాడు నాయకులను నిర్బంధించారు. ఆగస్టు 12న మన ఊరిలో జనం వీధులలోకి వచ్చారు. రైల్వే స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పులలో ఏడుగురు నేలకొరిగారు.

పాత కాగితాలను గొట్టాలుగా చుట్టి, అంచు అతికించి, ఏడింటిని అట్టపై నిలబెట్టించండి. ఆగస్టు 12న, పండుగకు మూడు రోజుల ముందే, పిల్లలను చౌక్‌కు తీసుకువెళ్ళి అక్కడి పేర్లు చదివించండి. ఆ తీర్మానం నాటి కాంగ్రెస్ అధ్యక్షుడు మౌలానా అబుల్ కలాం ఆజాద్ అనీ, 'క్విట్ ఇండియా' అన్న మాటను అందించినది యూసుఫ్ మెహరలీ అనీ చెప్పండి. ఆ ఏడుగురూ ప్రాణాలిచ్చిన పిలుపులో అందరి గొంతూ ఉన్నది. మనవారూ ఉన్నారని చెప్పుకోవడానికి వారి త్యాగాన్ని తగ్గించనవసరం లేదు. వారి త్యాగాన్ని స్మరించడానికి మనవారిని మరువనవసరమూ లేదు.

బాపట్ల జిల్లా నుంచి వచ్చినవారు ఇదే విధంగా అట్టలతో గుడిసెలు చేయించవచ్చు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వాన చీరాల, పేరాల ప్రజలు పురపాలక పన్నులను నిరసిస్తూ ఇళ్ళు విడిచి, రామనగర్ అని పేరు పెట్టుకున్న గుడిసెలలో నెలల తరబడి నివసించారు.

నాలుగు మాటల పుస్తకం

ఇది జనవరి 26 కోసం. ఒక తెల్లకాగితాన్ని ఎనిమిది సమాన గడులు వచ్చేలా మడిచి విప్పండి. అడ్డంగా సగానికి మడిచి, మడత వైపు నుంచి మధ్య గీత వెంట ఒక గడి మేర కత్తిరించండి. విప్పి, నిలువుగా మడిచి, రెండు కొసలనూ లోపలికి నెడితే ఎనిమిది పుటల చిన్న పుస్తకం అవుతుంది. అట్టపై పిల్లవాడి పేరు రాయించండి. లోపల రాజ్యాంగ పీఠికలోని నాలుగు మాటలు పుటకొకటి చొప్పున: న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం. పక్కనే ఉర్దూలో ఇన్సాఫ్, ఆజాదీ, మసావాత్, ఉఖువ్వత్. మిగిలిన పుటలలో వారికి నచ్చిన బొమ్మలు వేసుకుంటారు. ఈ నాలుగు మాటలు తన చేతితో రాసుకున్న పాప, రేపు ఎక్కడైనా వాటిని నిరాకరిస్తే గుర్తుపట్టగలదు.

మనుషుల బొమ్మలు వేయడం ఇష్టపడని కుటుంబాలు మనలో ఉన్నాయి. పైన చెప్పిన పనులలో ముఖాలు లేవు. కనుక ఏ తల్లీ ఇబ్బంది పడవలసిన అవసరం లేదు.

పండుగ సాయంత్రం

అన్నింటికన్నా ముఖ్యమైనది ఆగస్టు 15 సాయంత్రం. ఉదయం చేతులలో ఎగిరిన జెండాలు మధ్యాహ్నానికి రోడ్డుపైనా, మురుగు కాలువలలోనూ కనిపించడం మనందరమూ చూసినదే. ప్లాస్టిక్ జెండాలు 2022 జులై 1 నుంచి నిషేధించిన వస్తువుల జాబితాలో ఉన్నాయి. అంగళ్ళలో కనిపించినా కొనవద్దు. కాగితపు జెండాను వాడిన తరువాత నేలపై పారవేయరాదని, ఏకాంతంగా, గౌరవంగా తొలగించాలని నియమావళి చెబుతున్నది.

అందుకని ప్రతి వీధిలో ఒక పెట్టె పెడదాము. సాయంత్రం పిల్లలే తిరిగి, కిందపడిన జెండాలను, ఎవరివైనా సరే, ఏరి తెచ్చి పెట్టెలో వేస్తారు. బాగున్నవి వచ్చే జనవరికి దాచుకుంటారు. చిరిగినవి పెద్దలు ఏకాంతంగా, మర్యాదగా దహనం చేస్తారు. దీనికి ఫొటో వద్దు. ఎవరూ చూడనప్పుడు జెండాను నేలపై నుంచి పైకెత్తిన పిల్లవాడికి తన దేశభక్తి గురించి ఎవరి ధ్రువపత్రమూ అక్కరలేదు.

ఉద్యోగ కాలంలో మేము వేలాది ధ్రువపత్రాలు రాశాము. కులం, ఆదాయం, నివాసం, అన్నింటికీ దరఖాస్తు ఉంటుంది, విచారణ ఉంటుంది, సంతకం ఉంటుంది. 'ఈ దేశం నాది' అనడానికి మాత్రం దరఖాస్తు నమూనా ఏదీ లేదు. అది పుట్టుకతో వచ్చిన వారసత్వం. వారసత్వంగా వచ్చిన ఇంటిని ఊడ్చి, సున్నం వేసి, చెమ్మ దిగకుండా కాపాడుకుంటాము. ఆ ఇల్లు మాదేనని రోజూ వీధిలో నిలబడి చాటము. పిల్లలకు నేర్పవలసినది అదే.

తల్లులారా, ఈ వారంలో ఒక సాయంత్రం గంటసేపు కేటాయించండి. ఉపాధ్యాయులు ఆగస్టు 12న పిల్లలను చౌక్‌కు తీసుకువెళ్ళే ఏర్పాటు చేయండి. యువకులు పెట్టెల బాధ్యత తీసుకోండి. కాగితాలు, జిగురు మేము సమకూరుస్తాము.