పడిపోయే క్షణం ఎందుకు సాగుతుంది?

బండి జారి పడినవాళ్లు చాలామంది ఒకే మాట చెబుతారు: ఆ క్షణం ఎంతకీ అయిపోలేదని. మరి ఆపదలో మెదడు నిజంగానే వేగం పుంజుకుంటుందా? అమెరికాలో నాడీశాస్త్రవేత్త డేవిడ్ ఈగిల్‌మన్ బృందం ఈ సంగతి పరీక్షించింది. మనుషుల్ని సుమారు 31 మీటర్ల ఎత్తు నుంచి, వెల్లకిలా, కింద కట్టిన వలలోకి వదిలారు. నడుముకు తాడు కూడా లేదు! చేతికి గడియారంలా ఒక పరికరం కట్టారు. అందులో అంకెలు మామూలు కంటికి అందనంత వేగంగా మారుతుంటాయి. మెదడు వేగం పెరిగితే, పడుతూ పడుతూ వాటిని చదవగలగాలి కదా? చదవలేకపోయారు. అయినా, పక్కవాళ్లు పడిన సమయం కంటే తాము పడిన సమయం మూడో వంతుకు పైగా ఎక్కువని అంచనా వేశారు. ఈ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి.

ప్రాణభయంలో అంకెల మీద ధ్యాస ఎక్కడుంటుందని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ ఒక్క ప్రయోగంతో అంతా తేలిపోయిందనీ అనలేం. కానీ కాలం సాగిందన్న భావన కలిగినా చూపు మాత్రం చురుకెక్కలేదు. కాబట్టి సాగింది క్షణం కాదు, దాని జ్ఞాపకం అనిపిస్తుంది. భయంలో మెదడు వివరాలను దట్టంగా నమోదు చేస్తుందన్నది ఆ బృందం వివరణ. తర్వాత తలుచుకుంటే, ఇన్ని వివరాలున్నాయంటే చాలాసేపే జరిగి ఉంటుందని లెక్కగడుతుంది. బస్టాండులో ఎదురుచూపు సంగతి వేరు. అక్కడ అప్పటికప్పుడే కాలం కదలదు, మర్నాటికి గుర్తే ఉండదు. అందుకే, కాలం ఆగిపోయిందని ఎవరైనా చెబితే కోతలని కొట్టిపారేయకండి. వాళ్లు తమ జ్ఞాపకాన్ని ఉన్నదున్నట్టే చెబుతున్నారు.